వంటగట్టు వెనక గోడకు గాజు: డిజైన్ ఎంచే ముందు ఏం చూడాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కొత్త వంటగదిలో గట్టు రాయి వేయించేశారు, పై అరలు వచ్చే వారం బిగిస్తారు. వెనక గోడకు టైల్స్ వద్దు, గాజు పెట్టాలని ఉంది. గోడ పొడవు 3 మీటర్లు, గట్టుకీ పై అరలకీ మధ్య 60 సెంటీమీటర్లు. రాయి బూడిదరంగు, మీద నల్లచుక్కలు. స్టవ్ ఆ గోడకే వస్తుంది, ఎదురు గోడకు కిటికీ ఉంది. సముద్రం బొమ్మ ప్రింట్ చేసిన గాజు నచ్చింది. కానీ కొన్నాళ్లకు మొహం మొత్తుతుందేమో, వేడికి పగులుతుందేమో అని టెన్షన్. ఇంట్లో ఒకరు తెల్ల గాజు అంటున్నారు, ఒకరు నల్లది అంటున్నారు, ఇంకొకరు అద్దమే పెట్టేద్దాం అంటున్నారు.

ఇరవై ఏళ్లకు పైగా వంటగదుల్లో గాజు కొలతలు తీసి బిగిస్తున్నాను. అందరూ డిజైన్ దగ్గర మొదలుపెడతారు, మీరూ అక్కడే మొదలుపెట్టారు. నేనైతే గోడకు ఎదురుగా నిలబడి, ఒక్కసారి వెనక్కి తిరిగి చూడమంటాను. నిగనిగలాడే గాజు తన రంగుతో పాటు ఎదురుగా ఉన్నవన్నీ చూపిస్తుంది. కిటికీ, ట్యూబ్‌లైటు, ఫ్రిజ్ తలుపు, గట్టు మీద సామాను అన్నీ ఆ గోడలోకి వచ్చేస్తాయి. నమూనా పుస్తకంలో చూసిన రంగు మీ గోడ మీద అలాగే కనపడదు. దానికి కారణం గాజు కాదు, మీ గది.

మీ రాయి సంగతే చూడండి. గట్టుకు మీటరు దూరంలో నిలబడితే, రాయి ప్రతిబింబం గాజులో అడుగు నుంచి జానెడు ఎత్తు వరకు కనిపిస్తుంది. అంటే ఆ నల్లచుక్కలు గట్టు మీద ఆగవు, గోడ పైకి పాకినట్టు ఉంటాయి. నల్ల గాజు పెడితే ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది, ఎందుకంటే ముదురు రంగు వెనక ఉంటే ఏ గాజైనా అద్దంలా పనిచేస్తుంది. లేత రంగు వెనక ఉంటే ఆ ప్రతిబింబం వెలిసిపోయినట్టు, ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. చుక్కల రాయి వేయించుకున్న వాళ్లకు నేను ముదురు రంగు నిగనిగల గాజు వద్దనే చెబుతాను. చుక్కలు, గీతలు లేని ఒకే రంగు రాయైతే ముదురు గాజు ఎంతో హుందాగా ఉంటుంది. కాబట్టి మీ ఇంట్లో నల్ల గాజు కావాలంటున్న వాళ్ల అభిరుచిలో తప్పులేదు, ఆ రాయి పక్కన మాత్రం అది కుదరదు.

ఎదురు కిటికీ కూడా ఇలాంటిదే. పగలు గాజులో కిటికీ వెలుగు చతురస్రంగా మెరుస్తుంది. గది ఇరుకుగా ఉంటే ఇది మేలే, వెలుతురు రెట్టింపయినట్టు ఉంటుంది. నేరుగా ఎండ పడే కిటికీ అయితే మాత్రం స్టవ్ దగ్గర నిలబడ్డవాళ్ల కళ్లలోకి కొడుతుంది. ఒక రోజు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఆ గోడ మీద వెలుగు ఎక్కడ పడుతోందో చూసి పెట్టుకోండి. దీనికి నిపుణులు అక్కర్లేదు.

ఇక తెలుపు. మామూలు గాజులో ఇనుము కొద్దిగా ఉంటుంది. అందుకే గాజు అంచు పక్కనుంచి చూస్తే ఆకుపచ్చగా కనిపిస్తుంది. 6 మిల్లీమీటర్ల గాజు వెనక తెల్ల రంగు వేస్తే, వెలుగు ఆ మందంలోంచి లోపలికి వెళ్లి, రంగుకు తగిలి, మళ్లీ అదే మందంలోంచి బయటికొస్తుంది. రెండుసార్లు ఆ పచ్చదనంలోంచి వచ్చిన తెలుపు లేత పచ్చగా, ఆసుపత్రి గోడలా కనిపిస్తుంది. తెలుపు, క్రీమ్, లేత గులాబీ, లేత బూడిద లాంటి రంగులకు ఇనుము తక్కువున్న గాజే తీసుకోవాలి. దుకాణాల్లో దాన్ని ఎక్స్‌ట్రా క్లియర్ అనో, లో ఐరన్ అనో అంటారు. ఖరీదు ఎక్కువే, కానీ లేత రంగు కావాలంటే ఇక్కడ పొదుపు చేయకండి. తేడా తెలుసుకోవాలంటే రెండు ముక్కలు పక్కపక్కన ఒక తెల్లకాగితం మీద పెట్టి చూడండి. అంచులు కూడా చూడండి. మామూలు దాని అంచు ముదురు ఆకుపచ్చ, ఇనుము తక్కువున్నదాని అంచు దాదాపు రంగులేనట్టు ఉంటుంది. ముదురు రంగులకైతే మామూలు గాజు చాలు, ఆ పచ్చదనం అందులో కలిసిపోతుంది.

పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక ఇంటికి తెల్ల గాజు బిగించాను. రంగు డబ్బా మీద చూసి అందరం సరేననుకున్నాం. బిగించాక ఆ ఇంటావిడ ఏమీ అనలేదు, పక్కనున్న తెల్ల అరల తలుపుల వైపు ఒకసారి, గాజు వైపు ఒకసారి చూశారు. రెండు తెలుపులూ కలవలేదు. అది నా కళ్లకూ అప్పుడే కనిపించింది. గాజు మొత్తం మార్చాల్సి వచ్చింది. అప్పటినుంచి, రంగు వేసిన గాజు ముక్క చేతికి రాకుండా ఎవరి దగ్గరా ఆర్డర్ తీసుకోలేదు.

వేడి గురించి మీ భయం న్యాయమైనదే. జవాబు మీరు ఎంచే గాజును బట్టి ఉంటుంది. మామూలు గాజులో ఒక భాగం వేడిగా, పక్క భాగం చల్లగా ఉండి, ఆ తేడా 40 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కలకు వస్తే పగిలే ప్రమాదం ఉంది. స్టవ్ వెనక అంత తేడా రావడం చాలా తేలిక. టఫెన్డ్ గాజు 200 డిగ్రీల దాకా తేడాను తట్టుకుంటుంది. దాన్ని తయారుచేసేటప్పుడు 600 డిగ్రీలు దాటేలా వేడిచేసి, రెండువైపులా గాలి కొట్టి ఒక్కసారిగా చల్లారుస్తారు. పైపొర ముందు గట్టిపడుతుంది, లోపలి భాగం తర్వాత చల్లారుతూ పైపొరను లోపలికి లాగి పట్టుకుంటుంది. ఆ బిగువే దాని బలం. మామూలు గాజు కంటే నాలుగైదు రెట్లు గట్టిది, ఒకవేళ పగిలినా కత్తుల్లాంటి ముక్కలు కాకుండా చిన్న చిన్న పలుకులుగా రాలిపోతుంది.

కానీ ఆ బిగువు వల్లే ఇంకో చిక్కుంది. టఫెన్ చేశాక దాన్ని కోయలేం, రంధ్రం వేయలేం, అంచు అరగదీసి సర్దుకోలేం. ప్రయత్నిస్తే మొత్తం పలుకులైపోతుంది. కొలతలు, ప్లగ్ పాయింట్ల రంధ్రాలు, మూలల ఆకారం అన్నీ కొలిమిలోకి వెళ్లకముందే ఖాయం కావాలి. టైల్స్ పనిలో అక్కడికక్కడ దిద్దుకోవచ్చు. గాజు పనిలో ఆ వీలు లేదు. ఒకసారి స్విచ్‌బోర్డు రంధ్రం వేలెడు పక్కకు పడింది, కొలిచింది నేనే. ఆ గాజును ఏమీ చేయలేక పక్కన పెట్టి, కొత్తది చేయించి, రెండు వారాలు ఆలస్యంగా బిగించాను.

దుకాణంలో అడగాల్సిన ప్రశ్న కూడా ఇక్కడే ఉంది. వెనక రంగు వేసి షీట్లుగా అమ్మే లాకర్డ్ గాజు సాధారణంగా టఫెన్ చేసినది కాదు. తర్వాత టఫెన్ చేద్దామన్నా, కొలిమిలో ఆ రంగు కాలిపోతుంది. టఫెన్ చేయడానికి వీలుగా ప్రత్యేకమైన పూత వేసిన లాకర్డ్ గాజు కూడా దొరుకుతుంది, అది వేరు. లేదంటే ముందు గాజు కోసి, రంధ్రాలు వేసి, టఫెన్ చేసి, ఆ తర్వాత వెనక రంగు వేయించాలి. "ఇది టఫెన్డేనా?" అని కాకుండా "టఫెన్ చేశాక రంగు వేస్తారా, ముందే వేస్తారా?" అని అడగండి. తెలిసినవాళ్లు వెంటనే చెబుతారు. టఫెన్డ్ గాజుకు మూలలో చెరగని చిన్న ముద్ర ఉండటం మామూలు. ఆ ముద్ర ఏ మూలన రావాలో కూడా ముందే చెప్పండి, లేకపోతే సరిగ్గా కళ్లెదురుగా వస్తుంది. మందం 6 మిల్లీమీటర్లు సరిపోతుంది.

స్టవ్ వెనక ఇంకో జాగ్రత్త. గాజు వేడిని ఆపదు, వెనక గోడకు పంపిస్తుంది. వెనక ఇటుక గోడ, సిమెంటు పూత ఉంటే ఇబ్బంది లేదు. ప్లైవుడ్ లాంటి కాలే పలక ఉంటే మాత్రం గాజు పెట్టినంత మాత్రాన భద్రం కాదు, ఆ పలక తీసేయాల్సిందే. స్టవ్‌తో పాటు వచ్చే పుస్తకంలో వెనక గోడకు, పక్క గోడకు ఎంత ఎడం ఉండాలో రాసి ఉంటుంది. ఆ కొలత తప్పకుండా పాటించండి.

ఇప్పుడు మీకు నచ్చిన సముద్రం బొమ్మ. ప్రింట్ గాజు అన్న పేరుతో మూడు వేర్వేరు వస్తువులు అమ్ముతారు. ఒకటి, సిరామిక్ ఇంకుతో ముద్రించి టఫెన్ చేసేటప్పుడే గాజులో కరిగి కలిసిపోయేది. అది గాజు ఉన్నంతకాలం ఉంటుంది. రెండోది, టఫెన్ చేశాక వెనకవైపు యూవీ ప్రింటు (అతినీలలోహిత వెలుగుతో ఇంకును గట్టిపరిచే ముద్రణ) వేసి, దాని వెనక తెల్ల రంగు పూసేది. ఇందులో రంగులు బాగా పలుకుతాయి, బాగా చేస్తే చాలాకాలం మన్నుతుంది. మూడోది, గాజు వెనక బొమ్మ స్టిక్కర్ అంటించేది. స్టవ్ వేడికి, ఆవిరికి స్టిక్కర్ అంచులు లేస్తాయి, మధ్యలో బుడగలు వస్తాయి. స్టవ్ వెనక మూడోది వద్దే వద్దు.

బొమ్మ విషయంలో నా అనుభవం చెబుతాను. నమూనాలో 3 మీటర్ల సముద్రం అద్భుతంగా ఉంటుంది. మీ గోడ మీదకు వచ్చేసరికి మధ్యలో స్టవ్, దాని పైన చిమ్నీ, అటు మిక్సీ, ఇటు డబ్బాలు, నాలుగు ప్లగ్ పాయింట్లు. సూర్యుడి మీద స్విచ్‌బోర్డు వస్తుంది, అలల ముందు సామాను నిలబడుతుంది. పైగా 60 సెంటీమీటర్ల ఎత్తున్న పొడవాటి పట్టీలో ఫోటో సరిపోవాలంటే పైనా కిందా చాలా కోసేయాలి. అంత పెద్దగా సాగదీస్తే అసలు ఫోటో నాణ్యత సరిపోక, దగ్గరనుంచి చూస్తే చుక్కలు చుక్కలుగా ఉంటుంది. మొహం మొత్తడం సంగతీ నిజమే. గోడకు తగిలించిన పటం విసుగొస్తే తీసేస్తాం, ఈ గాజు తీయలేం.

అయినా ప్రింట్ మీద మనసుంటే పూర్తిగా వదులుకోమనను. స్టవ్ వెనక, గట్టు నుంచి చిమ్నీ దాకా ఉన్న భాగం ఒక్కటే ప్రింట్ చేయించి, మిగతా గోడంతా అందులోని ఒక లేత రంగు వేయించండి. అక్కడ సామాను అడ్డు రాదు, ప్లగ్ పాయింట్లు ఉండవు, బొమ్మ పూర్తిగా కనిపిస్తుంది. రేపు విసుగొస్తే ఆ ఒక్క ముక్క మారుస్తారు. ఫోటో కంటే సన్నని గీతలు, నీటి అలల్లాంటి వంపులు, ఆకుల ఛాయ లాంటివి, అదీ అసలు రంగుకు కొంచెం ముదురుగానో లేతగానో ఉన్నవైతే ఎక్కువకాలం నచ్చుతాయి. మీకు సముద్రంలో నచ్చింది ఆ నీలం ఆకుపచ్చ కలిసిన రంగే అయ్యుండొచ్చు. అప్పుడు ఆ రంగే వేయించుకోవచ్చు, బొమ్మ అక్కర్లేదు.

ఫ్లూటెడ్ గాజు, అంటే నిలువు గాడులున్నది, ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. నాకూ ఇష్టమే. నిలువు గీతల వల్ల ఎత్తు తక్కువున్న గోడ కొంచెం ఎత్తుగా కనిపిస్తుంది, ప్రతిబింబాలు చెదిరిపోతాయి కాబట్టి మీ చుక్కల రాయికి కూడా పనికొస్తుంది. ఒక్కటే షరతు, గాడులు వెనక్కి, నునుపు ముందుకు ఉండాలి. ఎంత అందంగా ఉన్నా నూనె పడే చోట గాడులు ముందుకు పెట్టకండి, ప్రతి గాడిలోనూ జిడ్డు చేరుతుంది. యాసిడ్‌తో మసకబార్చిన శాటిన్ గాజుకూ ఇదే మాట. మసక వైపు ముందుకుంటే మెరుపు తగ్గి చూడ్డానికి మెత్తగా ఉంటుంది, కానీ వేలిముద్ర, నూనెచుక్క అక్కడే ఆగిపోతాయి. స్టవ్‌కు దూరంగా, కాఫీ మెషిన్ పెట్టుకునే మూల లాంటి చోట సరే.

అద్దం అన్నవాళ్లకు ఇలా చెప్పండి. ఇరుకు వంటగదిలో సన్నని పట్టీగా, స్టవ్‌కు దూరంగా అద్దం పెడితే గది విశాలంగా అనిపించడం నిజమే. కానీ గట్టు మీద ఉన్న ప్రతి డబ్బా రెండుగా కనిపిస్తుంది. గట్టు ఎప్పుడూ ఖాళీగా ఉంచుకునే అలవాటున్న ఇంట్లోనే అద్దం బాగుంటుంది. మామూలు అద్దం టఫెన్ చేసినది కాదు, వెనక వెండిపూత తేమకు అంచుల దగ్గర నల్లబడుతుంది. స్టవ్ వెనక, సింకు వెనక వద్దు. కావాలంటే గోధుమరంగు లేదా బూడిదరంగు అద్దం చూడండి, ప్రతిబింబం మెత్తబడుతుంది.

రంగు ఎంచుకునే పద్ధతి ఒకటి చెబుతాను. దుకాణంవాళ్లు ఇచ్చే అగ్గిపెట్టెంత ముక్క చాలదు. కనీసం పుస్తకమంత ముక్క అడగండి. ఇవ్వకపోతే మీరు కొనబోయే రకం గాజు, అంటే మామూలుదో ఎక్స్‌ట్రా క్లియరో, ఒక చిన్న పలక తెచ్చుకోండి. అంచులు అరగదీసి ఇమ్మని చెప్పండి. మీకు నచ్చిన రంగుల కాగితాలను నీళ్లతో తడిపి దాని వెనక అతికించండి. తడపడం ముఖ్యం. పొడి కాగితానికీ గాజుకీ మధ్య గాలి ఉండి రంగు పాలిపోయినట్టు కనిపిస్తుంది, తడిస్తే గాజుకు అంటుకుని, రంగు వేస్తే ఎలా ఉంటుందో దాదాపు అలా ఉంటుంది. తడిసిన కాగితం కూడా కొంచెం ముదురు అవుతుంది, అది గుర్తుంచుకోండి. ఆ పలకను నేలమీద పెట్టి కాకుండా గట్టు మీద నిలువుగా, గోడకు ఆనించి చూడండి. రెండు మూడు రోజులు అక్కడే ఉంచండి. రాత్రి లైట్లు వేసి చూడండి. రెండు నూనెచుక్కలు చల్లి, ఒకటి తుడిచి, ఒకటి వదిలేసి చూడండి. ముదురు రంగు మీద ఎండిన నీటిచుక్క, జిడ్డు ఎంత దూరం నుంచి కనిపిస్తాయో అప్పుడు తెలుస్తుంది. లేత బూడిద, ఇసుకరంగు, మట్టి కలిసిన తెలుపు లాంటివి మరకల్ని బాగా దాచుకుంటాయి.

లైట్ల గురించి ఎవరూ అడగరు, కానీ గాజు అందం సగం అక్కడే ఉంది. పై అరల అడుగున ఎల్‌ఈడీ పట్టీ వేయిస్తారు కదా, దాన్ని గోడవైపు చివర వేయకండి. గాజుకు ఆనుకుని పడే వెలుగులో ప్రతి వంపూ, ప్రతి తుడుపుగీతా బయటపడతాయి, ఎల్‌ఈడీ చుక్కలు వరుసగా గాజులో మెరుస్తాయి. అర ముందు అంచు దగ్గర, మసక మూత ఉన్న అల్యూమినియం ప్రొఫైల్‌లో, అంటే పట్టీ కూర్చునే సన్నని అల్యూమినియం గాడిలో వేయించండి. వెలుగు గట్టు మీద సమంగా పడుతుంది, గాజులో మెత్తని గీతలా కనిపిస్తుంది. వెలుగు రంగు కూడా చూసుకోవాలి. దాన్ని కెల్విన్‌లలో చెబుతారు, అంకె తక్కువైతే వెలుగు పసుపు. 3000 కెల్విన్ బల్బు కింద తెల్ల గాజు పసుపుగా కనిపిస్తుంది, 4000 దగ్గర ఉన్నది ఉన్నట్టు ఉంటుంది. పై అరలు ఇంకా బిగించలేదంటున్నారు కాబట్టి వైర్ ఎక్కణ్ణుంచి రావాలో ఇప్పుడే చెప్పండి.

ప్లగ్ పాయింట్లు కూడా ఇప్పుడే. ప్రతి రంధ్రం ఖర్చూ, బలహీనతా. వీలైనన్ని పాయింట్లు ఒకే వరుసలోకి, వీలైతే పై అర అడుగుకు మార్పించండి. తప్పనిసరిగా గాజులోంచి రావాల్సినవి ఉంటే, ఎలక్ట్రీషియన్ బాక్సులు చివరి స్థానంలో బిగించాకే కొలవాలి. రంధ్రం లోపలి మూలలు గుండ్రంగా ఉండాలి. సూటిగా ఉన్న మూల దగ్గరే పగులు మొదలవుతుంది. స్విచ్ ప్లేటు నాలుగువైపులా రంధ్రాన్ని కప్పేలా చూసుకోవాలి. గాజు మందం, వెనక జిగురు కలిసి దాదాపు సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి పాత స్క్రూలు చాలవు, పొడవైనవి తెప్పించండి. ప్లేటు బిగించేటప్పుడు కరెంటు ఆపేసి, చేత్తో మెల్లగా బిగించమనండి. అతిగా బిగిస్తే గాజు అక్కడే పోతుంది.

కొలతలు గట్టు రాయి, పై అరలు రెండూ బిగించాకే తీయాలి. ఏ గోడా అనుకున్నంత సూటిగా ఉండదు. పొడవు పైన, మధ్య, కింద మూడుచోట్ల కొలుస్తాం. ఎత్తు రెండు చివర్లా, మధ్యలోనూ. మూల నుంచి మూలకు రెండు ఐమూలలూ. పొడవాటి సూటి బద్ద గోడకు అడ్డంగా, నిలువుగా ఆనించి ఎత్తుపల్లాలు చూస్తాం. ఉబ్బు ఉంటే గాజు దాని మీద ఊగుతుంది, బిగించినప్పుడు ఆ ఒత్తిడి లోపలే ఉండిపోతుంది. ఉబ్బు గీకించి, పల్లం పూడ్పించాక కొలవాలి. నేను పలుచని పలకతో గోడ ఆకారాన్ని కోసి, రంధ్రాలతో సహా గోడకు పెట్టి సరిచూసి, ఆ పలకనే గాజు కోసేవాళ్లకు పంపిస్తాను. కాగితం మీద అంకెలు తారుమారు కావచ్చు, పలక విషయంలో ఆ భయం లేదు. నాలుగువైపులా రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. లేకపోతే అరకూ గట్టుకూ మధ్య గాజును తిప్పి దూర్చడమే కుదరదు.

మీ గోడ మొత్తం 1.8 చదరపు మీటర్లు. 6 మిల్లీమీటర్ల గాజు చదరపు మీటరుకు 15 కిలోలు, అంటే 27 కిలోలు. ఒకే ముక్కగా బిగించడం ఇద్దరు మనుషులతో సాధ్యమే. కానీ 3 మీటర్ల ముక్క మీ మెట్ల మలుపు తిరుగుతుందా, తలుపులోంచి వస్తుందా అన్నది ముందు చూడండి. రాకపోతే రెండు ముక్కలు చేయించి, అతుకు సరిగ్గా చిమ్నీ అంచుకో, పై అర అంచుకో సూటిగా వచ్చేలా పెట్టించండి. అక్కడ ఆ గీత కంటికి ఆనదు.

అంటించడానికి న్యూట్రల్ క్యూర్ సిలికాన్, అంటే గట్టిపడేటప్పుడు ఆమ్లం వదలని జిగురు కావాలి. ట్యూబ్ మూత తీస్తే వెనిగర్ వాసన కొట్టే రకం గాజు వెనక రంగును, అద్దం పూతను తినేస్తుంది. గోడ మీద సిలికాన్‌ను నిలువు గీతలుగా పెట్టాలి. గుండ్రంగా గానీ అడ్డంగా గానీ పెడితే లోపల తేమ చిక్కుకుంటుంది, పైగా గాలిలోని తేమ తగిలితేనే సిలికాన్ గట్టిపడుతుంది. కింద చిన్న ప్లాస్టిక్ ముక్కల మీద గాజు నిలబెట్టి, టేపులు వేసి, ఒక రోజంతా కదల్చకుండా ఉంచాలి. ఆ తర్వాత ముక్కలు తీసి, గట్టుకూ గాజుకూ మధ్య ఖాళీని బూజు పట్టని రకం సిలికాన్‌తో పూరించాలి. మర్నాడు దాకా స్టవ్ వెలిగించకండి.

గాజు వచ్చిన రోజు ఇంట్లో మీరు ఉండండి. బిగించకముందే నాలుగు అంచుల మీదా మెల్లగా వేలు పెట్టి చూడండి. పెంకు లేచి ఉంటే తీసుకోవద్దు. టఫెన్డ్ గాజు మధ్యలో కొట్టినా ఓర్చుకుంటుంది, అంచు మీద చిన్న దెబ్బ తగిలితే అప్పుడే కాకపోయినా తర్వాతైనా పోవచ్చు. కిందికి దించేటప్పుడు నేల మీద చెక్కో, రబ్బరో వేయమనండి.

గాజు టైల్స్, చిన్న చిన్న గాజు ముక్కలు పేర్చే మొజాయిక్ గురించి మీరు అడగలేదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. గోడ బాగా వంకరగా ఉన్నా, వంపు తిరిగిన మూలలున్నా, ఎవరో ఒకరు ఇంట్లోనే చేసుకోవాలనుకున్నా అవే దారి. తెల్ల జిగురే వాడాలి, బూడిదరంగు సిమెంటు గాజులోంచి కనిపిస్తుంది. జిగురు మీద తాపీ పళ్లగీతలు చదును చేయకపోతే అవీ కనిపిస్తాయి. మీరు టైల్స్ వద్దనుకున్నదే సందుల్లో చేరే మురికి వల్ల కాబట్టి, మీకు ఇవి సరిపడవు.

తుడవడానికి గోరువెచ్చటి నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు, మెత్తని మైక్రోఫైబర్ గుడ్డ చాలు. స్టవ్ వెనక జిడ్డు వేడి మీద ఉండగా తుడవొద్దు, చల్లారనివ్వండి. నీటిమరకలకు వెనిగర్ కలిపిన నీళ్లు, ఆ తర్వాత మంచినీళ్ల గుడ్డ. వెనిగర్ రాయి మీద పడకుండా చూసుకోండి, కొన్ని రాళ్లను అది పాడుచేస్తుంది. స్టీలు పీచు, గరుకు పొడి మాత్రం దగ్గరికి రానివ్వకండి.

మీ గోడే నాదైతే ఏం చేస్తానో కూడా అడిగారు. ఇనుము తక్కువున్న 6 మిల్లీమీటర్ల టఫెన్డ్ గాజు, వెనక మీ రాయిలోని అతి లేత బూడిదకు దగ్గరగా ఉన్న, కొంచెం వెచ్చదనం ఉన్న తెలుపు. గోడంతా అదే రంగు. స్టవ్ వెనక ఒక్క ముక్క మాత్రం నీలం ఆకుపచ్చ కలిసిన సన్నని అలల గీతలతో, సిరామిక్ ప్రింటులో, మీ సముద్రం కోసం. దాని అంచులు సరిగ్గా చిమ్నీ వెడల్పుకు. అరలు బిగించేవాళ్లు వచ్చే వారమే వస్తున్నారన్నారు కాబట్టి ఈ రెండు మూడు రోజుల్లో ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి పాయింట్ల సంగతి తేల్చండి. కాగితం పరీక్ష చేశాక రాత్రి ఒకటి, పగలు ఒకటి ఫోటోలు పెడితే రంగు సంగతి నేనూ చూసి చెబుతాను.